దత్తావసరకవులు: ఆంధ్రగ్రంథకర్తల జీవనవృత్తులు

రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ గవిచర్యను వివరించుచు, కాలవినియోగమునుబట్టి కవులను నాలుగు తెఱఁగులుగా విభజించెను. భూగృహాదులఁ బ్రవేశించి నిరంతరము రచనయే నిష్ఠగాఁ గలవాఁడు అసూర్యంపశ్యుఁడు. అట్టి నిష్ఠ లేక, మనసు పుట్టినపుడు కూర్చుండి రచించువాఁడు నిషణ్ణుఁడు. సేవాదికార్యములకు విరోధము రాకుండ, వాని నడుమఁ జిక్కిన తీఱికయందు రచించువాఁడు దత్తావసరుఁడు. ఒకానొక సందర్భము నుద్దేశించి రచించువాఁడు ప్రాయోజనికుఁడు. వీరిలో మొదటివానికి నెల్లకాలములును రచనాకాలములే. దత్తావసరునకు మాత్రము కొన్ని వేళలే కలవు. రాత్రి తుదిజామునందలి సారస్వతముహూర్తము, భోజనానంతరవిశ్రాంతి, పల్లకిలోఁ జేయు ప్రయాణము మున్నగునవి యాతని వేళలుగా రాజశేఖరుఁడు పేర్కొనెను. పదవశతాబ్దపుటారంభమునం దుండిన యీ యాలంకారికుని గ్రంథము 1916లో బరోడాయందు ముద్రితమైనది.

ఈ విభాగమున గమనింపఁదగిన విషయ మొకటి కలదు. కొలువు చేయుచుఁ గవిత్వము చెప్పువానిని రాజశేఖరుఁడు హీనునిగా నెన్నలేదు; వానికిఁ దగిన కాలమును మాత్రము నిర్దేశించెను. ఆంధ్రవాఙ్మయచరిత్రమునఁ దొలినుండియు దత్తావసరులే పెక్కండ్రు. అయినను రాజాశ్రయము సన్నగిల్లుటచేతఁ గవిత్వము సన్నగిల్లినదనియు, జీతమునకుఁ గుదిరినవాఁడు గ్రంథకర్తగా రాణింపఁడనియుఁ బండితులలో నొక వాడుక గలదు. ఆ వాడుక యెంతవఱకు నిజమో తెలిసికొనుటకు గ్రంథములనే గాక గ్రంథకర్తల యుద్యోగములనుగూడఁ బరిశీలింపవలసియున్నది. అట్లు పరిశీలించునపుడు ప్రతివృత్తిని మూఁడు ప్రశ్నలచేతఁ బరీక్షింపవచ్చును. అది రచయితకుఁ దీఱిక నిచ్చునా? రచనకు సామగ్రి నిచ్చునా? కలమును స్వతంత్రముగా విడుచునా?

పూర్వకవులలో నీ మూఁడింటికిని నిదర్శనము తిక్కనసోమయాజి. పదుమూఁడవ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియై రాజకార్యములు నిర్వహించుచునే యాతఁడు నిర్వచనోత్తరరామాయణమును రచించి ప్రభువున కంకిత మిచ్చెను. భారతమునఁ బదునైదు పర్వములను రచించి హరిహరనాథున కంకిత మొసఁగెను. మంత్రిత్వము సంధివిగ్రహములను గన్నులారఁ జూపినది. ఉద్యోగపర్వమునందలి రాయబారములలోని మాటనేర్పు రాజసభ నెఱిఁగినవాని నేర్పు. పెద్దగ్రంథమును దేవున కంకిత మిచ్చుటచేఁ గొలువునకును గావ్యమునకును నడుమ నొక హద్దేర్పడినది.

శ్రీనాథుని కథ వేఱు. ఆతఁడు కొండవీటి పెదకోమటివేమారెడ్డికడ విద్యాధికారిగా నుండెను. శాసనములకు శ్లోకములను గూర్చుట యాతని యధికారకృత్యములలో నొకటి. ఫిరంగిపురశాసనము దీనికి సాక్షి. కొండవీటి రాజ్యము కూలఁగా నాతని పదవియుఁ బోయెను. వార్ధకమునఁ గృష్ణాతీరమందలి బొడ్డుపల్లిని గుత్తకుఁ గొని, పైరు వఱదపాలు కాఁగాఁ బన్ను చెల్లింపలేక యవమానముల పాలయ్యెనని చాటుపద్యములు చెప్పుచున్నవి. చాటువుల ప్రామాణ్య మెంతయైనను, వానిలోని నీతి స్పష్టము. ఒక ప్రభువు నంటిపెట్టుకొన్న పదవి యా ప్రభువుతోడనే పోవును. పోతన హాలికుఁడై జీవించెనని లోకము ప్రీతితోఁ జెప్పుకొనుటకును గారణ మిదియే కావచ్చును. నాఁగలి యే రాజుతోడను గూలదు. అయితే సేద్యమునకును వఱదలు గలవని శ్రీనాథుని కథయే చెప్పుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దారంభమునఁ గొలువుల స్వరూపమే మాఱెను. సంస్థానపు సభకు మాఱుగాఁ గంపెనీవారి కచ్చేరి వచ్చినది. పద్యము చెప్పు నేర్పుకంటెఁ బలుభాషలు చదువు నేర్పు, లిపులు గుర్తించు నేర్పు వెల కెక్కినవి. కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశచరిత్రసామగ్రిని సేకరింపఁబూని నియోగించినవారిలో ఏలూరి కావలి సోదరులు ముఖ్యులు. వేంకటబొఱ్ఱయ్య 1803లోఁ జిన్నవయసుననే గతింపఁగా సోదరుఁడు లక్ష్మయ్య యా పనిని నడపెను. గ్రామకరణముల కవిలెలనుండి కైఫీయతులను వ్రాయించుట, శాసనములకుఁ బ్రతులెత్తుట, వృద్ధులవలన స్థలపురాణములను సేకరించుట వారి దినచర్య. మఱియొక సోదరుఁడు వేంకటరామస్వామి దక్కనుకవుల జీవితములను ఇంగ్లీషున రచించి 1829లోఁ గలకత్తాయందుఁ బ్రకటించెను. జీతము సేకరణకు, గ్రంథము సేకరణమువలన మిగిలిన జ్ఞానమునకు. ఉద్యోగమువలన రచయితకు సామగ్రి చేకూరుట కింతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరయును దత్తావసరుఁడే. ఆయన 1820లోఁ గడపకు వచ్చి, రెవెన్యూ, న్యాయశాఖలలోఁ బనిచేసి, తుదకుఁ జెన్నపురిలోఁ దపాలుశాఖ కధిపతియై యుండెను. 1829లో వేమనపద్యములను, 1852లోఁ దెలుఁగు ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించినది యీ యుద్యోగముల నడుమనే. ఆయన సొంతజీతమునుండి, అప్పులపాలై కూడ, పండితులను బోషించి ప్రతులు వ్రాయించెను, పాఠాంతరములను సరిచూపించెను, జూలూరి అప్పయ్య మున్నగువారిచే వ్యాఖ్యలు వ్రాయించెను. ఆనాఁటి పండితులకు నిది మేలైన జీవనోపాధి. తమ విద్యయే తమ పని యగుటచే మొదటి రెండు ప్రశ్నలకు నిది చక్కని సమాధానము. మూఁడవ ప్రశ్నకు మాత్రము లోటు గలదు. నిఘంటువు బ్రౌను పేర వెలసినది. దానికై శబ్దము లేర్చి కూర్చిన పండితుల పేరులను నేఁడు వెదకి తీయవలసియున్నది. ఒరుల గ్రంథమునకుఁ దోడ్పడు కొలువు రచయితను బోషించును గాని రచయితగా నిలుపదు.

రాజశేఖరుఁడు పల్లకిప్రయాణమును దత్తావసరుని వేళలలోఁ జేర్చుట చూచి నవ్వుకొనువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును జదువవలెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేఱి 1831 సెప్టెంబరు 3న మరల నిల్లు చేరిరి. పల్లకీలతో, బోయీలతో, పరివారముతో సాగిన యీ యాత్రలో దినదినమును జూచినదానిని వ్రాసి మిత్రులైన కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్లగారికిఁ బంపుచు వచ్చిరి. ఆయనయే దానిని 1838లో గ్రంథముగా ముద్రింపించెను. ఊరి నీరెట్టిది, దారి యెట్టిది, వసతి యెక్కడ, సరుకు లేవి దొరకును, ప్రజల యాచారము లేవి యను విషయములను వాది ప్రతివాదుల మాటలను దారుమారు కాకుండఁ దెలిపినట్లు తెలిపిరి. దుబాసీ పని రెండు భాషలనడుమ నిలిచి విన్నదానిని విన్నట్లు చెప్పుట. ఆ యలవాటే వచనమై తెలుఁగున యాత్రాచరిత్రమునకు నాది యైనది. దీనిని 1941లో మరలఁ బరిష్కరించి ప్రకటించిన దిగవల్లి వేంకటశివరావుగారును బెజవాడ న్యాయవాదులగుట గమనింపఁదగును.

గ్రంథకర్తలకు బడిపంతులుపనికంటె నెక్కువగా నుపకరించిన వృత్తి పందొమ్మిది, యిరువదవ శతాబ్దములలో వేఱొకటి కానరాదు. పాఠము చెప్పువేళకు హద్దు గలదు, వేసవిసెలవులు గలవు, పాఠ్యమే పఠనమగుచున్నది. అంతకు మించి, విద్యార్థి యడుగు ప్రశ్న గురువునకు గ్రంథమును వ్రాయవలసిన యక్కఱను జూపుచున్నది. పరవస్తు చిన్నయసూరి చెన్నపురిలో మిషనరీపాఠశాలయందును, పచ్చయప్పపాఠశాలయందును, పిదపఁ బ్రెసిడెన్సీకళాశాలగాఁ బరిణమించిన పాఠశాలయందును దెలుఁగు బోధించెను. చదివించుటకు సులభమైన వచనము లేకపోఁగా 1853లో నీతిచంద్రికను వెలువరించెను. తెలుఁగు వ్యాకరణమును శ్లోకరూపమునను, విస్తృతవ్యాఖ్యలతోడను జదువుట బాలురకుఁ గష్టమగుటచేత శబ్దలక్షణసంగ్రహాదులను రచించి, వానిని సవరించి, తుదకు బాలవ్యాకరణమును దెలుఁగుసూత్రములతోఁ బది పరిచ్ఛేదములుగాఁ గూర్చెను. అది 1858లో ముద్రితమయ్యెను. సూత్రమున నొక్క మాటయు నధికము కాకుండుటకుఁ గారణము పాణినీయపరిచయ మొకటియే కాదు. ఏటేట నదే పాఠమును గ్రొత్తబాలురకుఁ జెప్పి, యెక్కడ వారు తడఁబడుదురో కనిపెట్టిన గురువు యొక్క యనుభవమును గారణమే. గదిలోఁ బరీక్షింపఁబడిన సూత్రము గ్రంథమున నిలిచినది.

అయినను సూరి చరిత్రమే యీ వృత్తి లోటునుగూడఁ జూపుచున్నది. నీతిచంద్రికలో మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే యాతని రచన. తక్కిన విగ్రహసంధులను బూరింపఁ బూనిన కొక్కొండ వేంకటరత్నముపంతులుగారును, కందుకూరి వీరేశలింగముపంతులుగారును బడులలోఁ బనిచేసినవారే. సూరి తలపెట్టిన నిఘంటువు పూర్తి కాలేదు. దినమునకుఁ గొలఁది గంటల తీఱిక నీతికథకుఁ జాలును, సూత్రమునకుఁ జాలును, ఒక భాషయందలి శబ్దజాల మెల్లను నొక్కఁడు కూర్చుటకుఁ జాలదు. దత్తావసరుని గ్రంథమున కొక పరిమాణము గలదని దీనివలనఁ దెలియుచున్నది.

వీరేశలింగముపంతులుగారు వృత్తిని బుద్ధిపూర్వకముగా నెన్నుకొన్నవారు. దొరతనపు గుమాస్తాపని లంచములకును, న్యాయవాదవృత్తి యసత్యమునకును జోటిచ్చునని తలఁచి, వానిని వలదని యుపాధ్యాయత్వమును గ్రహించిరి. కోరంగి, ధవళేశ్వరము, రాజమహేంద్రవరములలోఁ బాఠములు చెప్పుచు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. రాజశేఖరచరిత్రము 1878లో నా పత్రికలోనే భాగములుగా వెలువడి 1880లో గ్రంథమయ్యెను. 1881 డిసెంబరు 11న మొదటి వితంతువివాహమును జరిపించునాఁటికిని ఆయన పాఠశాలాపండితులే. లంచములను విమర్శించు పత్రికను నడపువాఁడు లంచము దొరకు పీఠమునఁ గూర్చుండరాదు. ఆయన యెన్నికయందలి మర్మ మిదియే. జీతము స్వల్పమైనను, అది కలమునకు సంకెల కాలేదు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూపాఠశాలలోఁ బండితులుగా నుండుటవలన వారి గ్రంథములకంటె వారి శిష్యులే వాఙ్మయమునకుఁ బెద్ద లాభమైరి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు ఆయన శిష్యకోటిలోనివారు. అవధానములకై యూరూరఁ దిరిగిన కవి యొకచోట నిలిచి చెప్పిన పాఠమే యీ ఫలము నిచ్చినది. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలోఁ జరిత్రము బోధించుచు, సమీపమందలి కొండలలో నివసించు సవరల భాషను నేర్చి, దానికి వాచకములు, వ్యాకరణము, నిఘంటువు కూర్చిరి. సవరభాషాగ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. బోధింపవలసిన విషయ మొకటి. పరిశోధించిన విషయము వేఱొకటి. బడి యిచ్చినది యూరును, దీఱికయును మాత్రమే. వ్యావహారికభాషావాదమున నాయనతో విభేదించువారికిఁగూడ నీ పరిశ్రమ శిరోధార్యము.

గురజాడ అప్పారావుగారి జీవితమున నీ మూఁడు ప్రశ్నలును గలిసి వచ్చుచున్నవి. 1884లో విజయనగరమున నుపాధ్యాయులై, కొంతకాలము డిప్యూటీకలెక్టరు కచ్చేరిలో హెడ్డుగుమాస్తాగా నుండి, 1887లో మహారాజకళాశాలయందు నధ్యాపకులైరి. కన్యాశుల్కము 1892లోఁ బ్రదర్శింపఁబడి 1897లో ముద్రితమై, ఆనందగజపతికి నంకితమయ్యెను. ఆ ప్రభువు 1897లోనే గతించెను. తరువాత రీవారాణి అప్పలకొండయాంబగారికి నాంతరంగిక కార్యదర్శులై, సంస్థానపు వారసత్వవ్యాజ్యపు పనిలోఁ బెక్కేండ్లు మునిఁగిరి. విశ్వాసపాత్రుఁడైన కార్యదర్శికి వేళ లేదు. పిలుపు వచ్చినదే వేళ. కన్యాశుల్కమునకు 1909లోఁ బెంపొందించిన రెండవ కూర్పు వెలువడెను. ముత్యాలసరముల ఖండికలు, చిన్నకథలు 1910 ప్రాంతమున వచ్చినవి. కాని బిల్హణీయము, కొండుభట్టీయము అసంపూర్ణములుగా మిగిలినవి. ఆయన 1915లో గతించిరి. వ్యాజ్యమున గడచిన దినము లెన్ని, నాటకమునకు దక్కిన దినము లెన్ని యని లెక్కించువారికి సంస్థానోద్యోగమునందలి గౌరవ మొక తక్కెడలోను, మిగిలిపోయిన యంకములు మఱియొక తక్కెడలోను గానవచ్చును. అయితే కచ్చేరి, కళాశాల, సంస్థానము అను మూఁటిని జూడనివాఁడు గిరీశమును, రామప్పంతులును, లుబ్ధావధాన్లును ఒక్క రంగమునకుఁ దేఁగలఁడా యనుటయు నాలోచింపఁదగినదే.

సంస్థానమున దివానుగా నుండియు వాఙ్మయకార్యమును సాగించినవారు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు స్వయముగా భాషాభిమాను లగుటచేత దివానుపని గ్రంథమున కడ్డు రాలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలియు వెలసినవి. ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మూఁడు సంపుటములు వెలువడిన పిదప 1923లో లక్ష్మణరావుగారు గతింపఁగా నా పని యసంపూర్ణమయ్యెను. సూరి నిఘంటువునకుఁ బట్టిన గతియే దీనికిని బట్టినది. జయంతి రామయ్యపంతులుగారు డిప్యూటీకలెక్టరుగాఁ బనిచేసినవారు. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపింపఁబడుటకు వారే మూలము. పరిషత్తు పూనికను, పిఠాపురాధీశుని ద్రవ్యసాహాయ్యమును గలియుటవలననే సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లో వెలువడఁగల్గెను. ఒక్కని తీఱికకు మించిన పని సంఘమునకుఁ దగిన పని యని యీ మూఁడు నిఘంటుచరిత్రములు చెప్పుచున్నవి.

న్యాయవాదులలో బళ్లారి ధర్మవరము కృష్ణమాచార్యులుగారును, కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకరచనచేఁ బ్రసిద్ధులు. హైదరాబాదున సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయవాదులై యుండి 1926లో గోలకొండపత్రికను స్థాపించిరి. 1934లో మున్నూట యేఁబదినలుగురు కవుల రచనలతో గోలకొండకవులసంచికను, 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించిరి. ఆ చరిత్రకు 1955లోఁ గేంద్రసాహిత్య అకాడమీవారి పురస్కారము లభించునాఁటికి వారు జీవించి లేరు. పుస్తకశాలోద్యోగమునకు మానవల్లి రామకృష్ణకవిగారును, వేటూరి ప్రభాకరశాస్త్రిగారును నిదర్శనములు. చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకశాలయందుఁ దాళపత్రములనడుమఁ గూర్చుండువానికి సామగ్రికిఁ గొఱఁత లేదు. నన్నెచోడుని కుమారసంభవమును 1909లోఁ బ్రకటించిన రామకృష్ణకవిగారు అట్టి గ్రంథముల కొఱకు దేశమెల్లఁ దిరిగిరి.

ఇంతవఱకుఁ జెప్పిన వృత్తులలో నధికభాగము అందఱికిని దెఱచిన ద్వారములు కావు. పండితపదవికిఁ బాండిత్య మొకటియే చాలని కాలము కాదది. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ కవి రాజమహేంద్రవరమున మూకచలనచిత్రములకుఁ గథ వినిపించి జీవనము గడపెను; నోరులేని బొమ్మలకు నోరై నిలిచినవాఁడు పిమ్మట గుంటూరున నుపాధ్యాయుఁడై, 1941లో గబ్బిలమును వెలువరించెను. కులమువలనఁ బడిన యవమానములే యా కావ్యమునకు సామగ్రి యగుట మెచ్చుకొనఁదగిన యేర్పాటు కాదు. కవి బలమునకు మాత్ర మది నిదర్శనము. కొమఱ్ఱాజువారి యక్కగారైన భండారు అచ్చమాంబగారికి జీత మిచ్చు వృత్తియే లేదు. ఇంటిపనికి గంట కొట్టువా రుండరు, సెలవు లుండవు. అట్టిదానినడుమ అబలాసచ్చరిత్రరత్నమాలను రచించి 1905లోనే ముప్పదియొక్కయేఁట గతించిన యామెను దత్తావసరులలోఁ జేర్చునపుడు, ఆ యవసరము నామెకు నెవ్వ రిచ్చిరను ప్రశ్న పుట్టుచున్నది.

ఈ ప్రశ్న సమాసమునందే యున్నది. దత్తమైన యవసరము ఎవనికిఁ గలదో వాఁడు దత్తావసరుఁడని విగ్రహవాక్యము. ఇందు సంప్రదానము గోచరించుచున్నది, కర్మ గోచరించుచున్నది, కర్త గోచరింపఁడు. అవసరము నిచ్చినవాఁడెవఁడు? తిక్కనకు మనుమసిద్ధి; లక్ష్మణరావుగారికి మునగాల ప్రభువు; సూరికిఁ బాఠశాల గంట. వీరందఱికిని, పేరు గానరాకుండ, వండి వడ్డించి, పిల్లలను సాఁకి, దీపమున నూనె పోసిన యింటివారు. వాఙ్మయచరిత్రకారులు గ్రంథమును, గ్రంథకర్తను, కృతిపతిని మాత్రము స్మరింతురు. ఉక్తము కాని యీ కర్తను గూడ స్మరించుట న్యాయము.

కావున రాజాశ్రయము పోవుటచే వాఙ్మయము క్షీణించె ననుట నిలువదు. ఆ యాశ్రయము పోయిన పిదపనే వ్యాకరణము బాలుర చేతి కందినది. యాత్రాచరిత్రము, నవల, సాంఘికచరిత్ర పుట్టినవి. జీతము తీసికొనుట దోషము కాదు. జీతమునకుఁ గలమునుగూడఁ జేర్చి యమ్ముకొనుట దోషము. గ్రంథరచనయం దాసక్తి గల యువకుఁడు వృత్తి నెన్నుకొనునపుడు జీతపు మొత్తమునకంటె ముందుగా పని ముగియు వేళను విచారింపవలెను. ఆ పనిలోఁ దాను వినునదియు, జూచునదియు నేమో విచారింపవలెను. తాను వ్రాయఁదలఁచినది తన యజమాని యిష్టమున కధీనమగునో కాదో విచారింపవలెను. దొరికిన తీఱికకుఁ దగిన పరిమాణము గల గ్రంథమును బూనవలెను. మించినదానికి సహాధ్యాయుల తోడు గోరవలెను. పాఠశాలలు నడపువారును, పండితుని మధ్యాహ్నమును లెక్కలు వ్రాయించుటకును, హాజరుపట్టీలు నింపించుటకును వినియోగించునపుడు, ఆ మధ్యాహ్నమున నొక బాలవ్యాకరణము పుట్టవలసియుండునేమో యని యొక్కమా ఱాలోచించుట మేలు.